ఎడమవైపు చూడండి

(లోయ అంచున, రోడ్డు పక్కన ఆపిన టాక్సీ. లోపల డ్రైవరు, ఆయన భార్య.)

"దిగవా? లోయ చూస్తానని పొద్దున్నే నన్ను లేపి బయల్దేరదీసి, ఇప్పుడు సీటుకి అతుక్కుపోయావు."

"ఇక్కణ్ణుంచే చూపించండి. మీ ప్యాసింజర్లకి చూపించినట్టు."

"ఏముంది చూపించడానికి. రోజూ వాగేదే."

"నా దగ్గర ఎప్పుడు వాగారు? పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి ఇవాళ ఎక్కాను ఈ కొండ."

"సరే. ఎడమవైపు చూడండి. కింద పచ్చగా పారేదే నది. ఇవతలి గట్టు మనది, అవతలిది పరాయి దేశం. ఆ తెల్లగోడ వాళ్ళ కాపలా గది. ఫోటోలు తీసుకోండి, ఆ గది వైపు మాత్రం తీయకండి. వాంతులొచ్చేవాళ్ళు కిటికీ పక్కన కూర్చోండి. చాలా?"

"పచ్చగా ఉందా?"

"ఈ నెలలో ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది."

"ఎర్రగా ఉందండీ. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది."

"మబ్బు నీడ పడి అలా..."

"మబ్బు లేదు."

"అయితే ఎర్రగానే ఉందిలే. నదితో నాకేం పని, నా పని రోడ్డుతో."

"తెల్లగోడ కూడా లేదు. కూలగొట్టినట్టున్నారు. రాళ్ళు కుప్పపోసి ఉన్నాయి."

"అవునవును. మొన్న ఎవరో అన్నారు, మర్చిపోయా."

"ఎవరన్నారు?"

"అబ్బా, ఏంటే ఈ ఆరాలు. టీ తాగుదామా? అదిగో ఆ కొట్లో..."

"కొట్టు మూసుంది. బండి ఎడమ సైడు అద్దం ఈ ఏడాది ఎన్నిసార్లు మార్చారు?"

"అందరివీ పగులుతాయి. ఇరుకు రోడ్డు."

"అందరివీ ఒకసారి. మీది మూడుసార్లు. స్టాండులో మీ స్నేహితుడు ఇంటికొచ్చి చెప్పాడు. ముందు బండి తోక పట్టుకుని పోతున్నాడమ్మా, బండి లేకపోతే కొండని రాసుకుంటూ పోతున్నాడమ్మా అని."

"వాడికి నా మీద ఏడుపు."

"ఏడుపే. నా ముందు నిజంగానే ఏడ్చాడు."

"ఎండ ఎక్కుతోంది. పోదామా?"

"రేపు మీ బండిలో ఎనిమిది మంది ఎక్కాలి. చంటిపిల్ల కూడా ఉంది. అసలు మీకేం కనిపిస్తోందో చెప్పండి."

"అంచులు కనిపిస్తాయి. మధ్యలో మసి పూసినట్టు ఉంటుంది. మలుపులన్నీ గుర్తే కాబట్టి లాక్కొస్తున్నా."

"నా మొహం?"

"నీ గొంతుంది కదే."

"ఎన్నాళ్ళుగా?"

"అలిసిపోయానే. ఎన్నాళ్ళని చెప్పను. ఇన్నేళ్ళూ జనం దిగి లోయ చూస్తుంటే నేను టైర్లు చూసుకునేవాణ్ణి. రేపు చూద్దాంలే, ఎక్కడికి పోతుంది అనుకునేవాణ్ణి."

"తాళాలివ్వండి."

"ఇంటిదాకా నడపనీ. తక్కువ గేరులో మెల్లగా దింపుతా. తర్వాత నీ ఇష్టం."

"వద్దండీ. మీ నోటితో మీరే చెబుతారేమోనని, పైకొచ్చినంతసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ నావల్ల కాదు. రేపటి వాళ్ళని మీ స్నేహితుడు తీసుకెళ్తాడు."

"అంతా మాట్లాడేసుకున్నారన్నమాట. మరి ఇప్పుడెలా దిగుతాం? వాడికే ఫోను చెయ్యి, వస్తాడు."

"ఎవరూ రానక్కర్లేదు. మా అక్కకి ఒంట్లో బాగాలేదని మూడు నెలలు రోజూ సాయంత్రం వెళ్ళాను చూడండి, అక్క గుండ్రాయిలా ఉంది. లైసెన్సు మొన్ననే వచ్చింది. ఇటు జరగండి, మలుపులు మీరు చెబుతుండండి."