అమెరికా దాకా పోయిన కూత

పాలకుర్తి బస్టాండు పక్కన పోశాలు హోటల్లో జగపతి సారు కోతలు కొయ్యడం మొదలుపెట్టాడంటే మేము రెండో చాయ్ కూడా ముందే చెప్పేవాళ్లం. మొదటి చాయ్‌కి ఆయన జనగామ దాటడు. రెండోదానికి సముద్రం దాటుతాడు.

ఎనభై అయిదు వానాకాలంలో ఒక అంగడి రోజు చిట్యాల నుంచి ప్రతాప్ అనే కుర్రాడు మళ్లీ వచ్చాడు. వాళ్ల చెడుగుడు జట్టు భూపాలపల్లి పోటీలకు పోవాలి, నేర్పే మనిషి లేడు. తరిగొప్పులలో ఒకప్పుడు సారు తయారుచేసిన జట్టు గురించి ఎవరో చెబితే విని, ఆయన్ని ఎలాగైనా తీసుకుపోవాలని పట్టుబట్టాడు. ఇదివరకు వచ్చినప్పుడు సారు పని ఉందన్నాడు. ఆ రోజు బయట వాన పట్టుకుంది, తప్పించుకుపోయే దారి లేదు.

"నన్ను చిట్యాలకు రమ్మంటవా తమ్మీ," అన్నాడు సారు, కప్పు కింద పెట్టి. "అమెరికాల ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద కోచ్‌గ చేసినోన్ని. నీకు తెల్వదు, నీ తప్పు గాదు. అరవై తొమ్మిదిల నువ్వు ఇంక అంబాడుతుంటివి. ప్రత్యేక తెలంగాణ లొల్లి నడుస్తున్నది, బడులు బందు, ఏడ చూసినా ఊరేగింపులే. పోరగాండ్లంత ఖాళీ. ఇంట్ల ఉంటె బాపు తిట్టె, బయటికి పోతె లాఠీలాయె. నేనేం జేసిన, తరిగొప్పుల పక్కన మా చెల్క చదును జేసి నడిమిట్ల సున్నంతోని ఒక్క గీత గీసిన. పటేండ్ల పోరగాండ్లు, తండ పోరగాండ్లు అంత గలిసి ఆడిండ్రు. గంతే. అండ్ల గొప్పేం లేదు."

"గీత వరకు నిజమే," అన్నాడు పోశాలు, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ.

"ఆ జట్టుల వాల్యా అని ఉండె, తండ పిలగాడు. కూతకు పోవాల్నంటె వాడే పోవాలె. ఊపిరి ఇడువకుండ చెడుగుడు చెడుగుడు అనుకుంట గీత దాటి పోవాలె, అవుతలోన్ని ముట్టాలె, మల్ల అదే ఊపిరితోని మర్లొచ్చి మన గీత ముట్టాలె. నీకు తెల్సిందే గద. వాల్యా కూత వట్టినప్పుడు పోశాలు పొయ్యి మీద నీళ్లు వెడితె, వాడు మర్లొచ్చేటాళ్లకు చాయ్ అయితుండె."

"అప్పటికి నేను హోటలే పెట్టలే సారు."

"నువ్వు పెట్టకున్నా చాయ్ అయితుండె. మధ్యల మాట్లాడకు. అప్పుడు జనగామల కోళ్లు పెంచుడు నేర్పనీకి ఒక తెల్లాయన వచ్చి ఉండె. సైకిల్ మీద అటు పోవుకుంట మా ఆట చూసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోళ్లను ఆడ్నే ఇడిసిపెట్టి వచ్చి నా కాళ్లు వట్టుకున్నడు. మా దేశంల గిసొంటి ఆటనే ఉన్నది, మా ఊరి జట్టు ఓడుతనే ఉన్నది, జర నువ్వొచ్చి నిలవెట్టాలె అని ఒకటే ఏడ్పు."

"ఏ భాషల ఏడ్చిండు?" అన్నాడు రఘునాథ్. ఆయన పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా, ప్రతిదానికీ వివరం కావాలి.

"ఏడ్చెటోనికి భాషేంది రఘునాథ్. సరే పోదాం పా అన్న. జనగామల రైలెక్కి, బొంబాయిల ఓడెక్కి పోయినం, నేనూ వాల్యా. పోయి చూస్తె, ఆట పేరు ఫుట్‌బాల్, బంతిని మాత్రం చంకల వెట్టుకొని ఉరుకుతరు. ఆ బంతి గూడ గుండ్రంగ ఉండది, రెండు దిక్కుల మొనదేలి దోసకాయ తీర్గ ఉంటది. నెత్తికి ఇనుప టోపీ, భుజాలకు మెత్తలు. మనకు నడిమిట్ల ఒక్కటే గీత గద, వాళ్లకు మైదానమంత గీతలే. ఇంకొకటి చెప్త ఇను తమ్మీ. ఆ ఆటల మర్లొచ్చుడు లేదు. ముందటికి ఎంత పోతె అంత గెలుపు. పోయినోడు పోయినట్టే, ఆడ్నే గెలుస్తడు. గది నాకు శాన నచ్చింది."

ఈ మాట దగ్గర ఆయన గొంతు ఎప్పుడూ కొంచెం దిగేది. వేడి చాయ్ తగిలిందేమో అనుకునేవాళ్లం.

"పోంగనే పెద్ద కోచ్‌వా సారు?" అన్నాడు ప్రతాప్. వాడి మొహంలో నవ్వు లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"ఎట్ల చేస్తరు? మొదలు నీళ్లు మోపిచ్చిండ్రు. అవెన్క కాళ్లకు కోచ్‌ను జేసిండ్రు. అవెన్క పట్టేటోళ్లకు, అవెన్క ఉరికేటోళ్లకు. ఒక్కో పనికి ఒక్కో కోచ్ ఉంటడాడ, ఆడేటోళ్ల కంటె చెప్పేటోళ్లే ఎక్కువ, మన రఘునాథ్ ఆఫీసు లెక్క. గెలిస్తె భుజాల మీద ఎక్కిచ్చుకుంటరు, ఓడితె పెట్టెతోని సహా బస్టాండుల దింపుతరు. ఒక పట్నంల పొద్దుగాల పూలదండ ఏసి సాయంత్రం పనిల కెల్లి తీసేసిండ్రు. దండ గూడ వాపస్ అడిగిండ్రు. నేను పరేషాన్ గాలే. ఇంకో పట్నం పోయిన, ఆడ ఇంకింత పెద్ద కోచ్‌ను చేసిండ్రు. గట్ల తీసేసినప్పుడల్ల ఒక మెట్టు ఎక్కుకుంట పోయిన."

"అట్లయితె నన్ను గూడ తీసేస్తె బాగుండు," అన్నాడు రఘునాథ్.

"పెద్ద కోచ్ అయినంక ఏం జేసిన్నో తెలుసా? నాటుకు దున్నిన మడి గావాలన్న. అమెరికాల బురద ఏడిది? నది కాడికెల్లి కాలువ తవ్వి స్టేడియంకు నీళ్లు మలిపిండ్రు. ఆ బురదల ఒక్కొక్కన్ని దున్నపోతు ఎంట ఉరికిచ్చిన. వారం దినాలకు దున్నపోతులు వాళ్ల ఎంట ఉరుకుడు మొదలువెట్టినయ్. కోచ్‌కు చెవులకు టెలిఫోన్ గడతరు, ఈడికెల్లి నేను అరేయ్ వట్టు అంటె ఆడ వట్టాలె. ఒకసారి నాకు సలిజొరమొచ్చింది. మంచంల పండుకొనే చెవులకు టెలిఫోన్ వెట్టుకున్న. జొరంల కలవరిచ్చి, అవ్వా జర సల్ల పొయ్యి అన్ననట. మనోళ్లు కోచ్ మాట జవదాటరు గద, పదకొండు మంది గలిసి ఎదురు జట్టుకు కుండలతోని సల్ల పోసిండ్రు. కడుపుల సల్లగయి వాళ్లకు నిద్రొచ్చింది. ఆ ఆట గెలిచినం."

మేము నవ్వాము. ప్రతాప్ కూడా నవ్వాడు గానీ, మళ్లీ ముందుకు వంగాడు. "మరి వాల్యా ఏం జేస్తుండె సారు, అమెరికాల?"

వాల్యా ఏమయ్యాడో చిట్యాల కుర్రాడికి తెలియదు, మాకు తెలుసు. పోశాలు దగ్గాడు. సారు ఆ దగ్గును లెక్కచేయలేదు.

"అదే చెప్తున్న. ఆఖరి ఆట. మైదానం ఎంత పెద్దదంటె ఒక కొసకు పొద్దు గూకితె ఇంకో కొసకు ఎండ గొడుతున్నది. దోసకాయ బంతి వాల్యా చేతుల వెట్టిన. బేటా, మర్లి చూడకు, ఉరుకు అన్న. వాడు కూత వట్టిండు. చెడుగుడు చెడుగుడు అని పోయిండు సూడు, పదకొండు మంది మీదవడ్డరు, నడుము వట్టుకున్నోడు నడుము కాడ్నే వేలాడుకుంట పోయిండు. మైదానం ఒడిసింది. వీడు ఆగలే. గోడ దునికిండు, రోడ్డెక్కిండు. నది దాటిండు, మంచుగుట్ట ఎక్కి దిగిండు. ఒక్క ఊపిరి. పాయింట్లు రాసే బోర్డు మీద అంకెలు అయిపోతె పక్క రాష్ట్రం కెల్లి లారీల తెప్పిచ్చిండ్రు. పక్కపొంటి రైలు నడిపిండ్రు, దాంట్ల నేను కూసున్న, కిటికీల కెల్లి శబాష్ బేటా అనుకుంట."

"తిండి?" అన్నాడు రఘునాథ్, చిన్నగా.

"నోరు తెరిస్తె కూత తెగదా? ఆడోళ్లు తోవ పొడుగూత నిలవడి మీద నీళ్లు సల్లిండ్రు. అండ్ల ఒక తెల్లపిల్ల, వీన్ని చూసి మనసువడి తను గూడ పక్కనే ఉరికింది. పెండ్లి ఆగుతదా? ఉరుకుకుంటనే జేసినం. పిల్లకు అద్దాల లంగా కుట్టిచ్చిన, చేతుల నిండ గాజులు తొడిగిచ్చిన. పెండ్లి జేసే అయ్యగారు ఎనుక రొప్పుకుంట ఉరికిండు. ఈ పిల్లను చేసుకుంటవా అని అడిగితె మనోడు చెడుగుడు చెడుగుడు అన్నడు. అయ్యగారు, చేసుకుంట అన్నడని రాసుకున్నడు."

"మరి ఎప్పుడు మర్లొచ్చిండు సారు?" అన్నాడు ప్రతాప్.

"ఆ ఆటల మర్లొచ్చుడు లేదంటి గద తమ్మీ. ఇంక ఉరుకుతనే ఉన్నడు. కూత తెగలే."

"పెండ్లి అయిందా సారు, మా వాల్యాకు?"

ఆ మాట పొయ్యి వెనకనుంచి వచ్చింది. గంగి అక్కడ కట్టెలమోపు పక్కన కూర్చుని ఉంది. అంగడి రోజుల్లో తండా నుంచి పోశాలుకు కట్టెలు తెచ్చేది ఆమే. వాల్యా తల్లి. ఆమె ఎదురుగా ఉంటే సారు ఎప్పుడూ జనగామ దాటేవాడు కాదు. వానకు లోపలికొచ్చి కూర్చోవడం ఆ రోజు మేమెవరం చూడలేదు.

"గంగవ్వా," అన్నాడు సారు.

"మా తండల పెండ్లయినోన్ని కాలవెడ్తం సారు. పెండ్లి గానోన్ని బొందవెడ్తం. జనగామ ఊరేగింపుల పోలీసు తూటా తగిలినంక వాన్ని బండిల ఏసుకొని తెస్తిరి. కాళ్ల దిక్కు నువ్వే వట్టుకుంటివి. తొలుత మట్టి గూడ నువ్వే ఏస్తివి. పెండ్లి గాలేదనే గద, మట్టిల వెడితిమి."

ప్రతాప్ మొహం పాలిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను. ఇన్నేళ్లు ఈ కథకు నవ్వుకుంటూ చాయ్ తాగినందుకు నామీద నాకే రోత పుట్టింది.

"అవ్వా, నేను ఏదో ముచ్చటకు..."

"తప్పు వడ్తలే సారు. శాన దినాలసంది ఈడికెల్లి ఇనుకుంటనే ఉన్న. నువ్వు చూడవు. పెండ్లి ముచ్చట ఇయ్యాల్నే ఇన్న. అద్దాల లంగా అంటె నాకు నవ్వు గూడ వచ్చింది." గంగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ నోట్లె వాడు బతికి ఉంటడని ఇంటుంటి. గాని నువ్వు వాన్ని ఆపుతలెవ్వు. గీ ఏండ్లన్ని ఉరికిస్తనే ఉన్నవ్. ఒక్క ఊపిరి తీసుకోనియ్యలే. ఇంటికి పోయినంక నాకు రొమ్ముల పట్టేసినట్టయితది. మర్లి రాకుండ గెలిచే ఆట మనకెందుకు సారు? వాన్ని జర గీత కాడికి తోలుకరా."

జగపతి సారు చేతుల్లోకి చూసుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు అది మాకు తెలిసిన గొంతు కాదు. మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు.

"మర్లిండవ్వా. బంతి ఆడ్నే పారేసి మర్లిండు. సముద్రం దాటిండు. బొంబాయి కాడ ఆగలే. జనగామ వచ్చింది. ఊరేగింపు పోతున్నది, దోస్తులు రమ్మని పిలిసిండ్రు. వాడు ఆడ ఆగలే అవ్వా. ఆడ ఆగనే ఆగలే. సీదా మా చెల్కకే వచ్చిండు. మేమంత గీత కాడ నిలవడి ఉన్నం. వంగి, చేయి చాపి, గీత ముట్టిండు."

"కూత ఆపిండా?"

"ఆపిండు."

"ఊపిరి తీసుకున్నడా సారు?"

సారు భుజాలు కదులుతున్నాయి. భుజం మీది తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, మా అందరి ముందు. గంగి తొందరపెట్టలేదు.

"తీసుకున్నడవ్వా," అన్నాడు చివరికి.

గంగి లేచింది. మోపు కట్టిన తాడు చుట్టి నడుముకు దోపుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, సన్నబడిన వానలోకి దిగి తండా దారి పట్టింది. పోశాలు చల్లారిన చాయ్ కప్పులు తీశాడు. రెండో చాయ్ ఎవరూ అడగలేదు.

చిట్యాల వైపు బస్సు వచ్చి ఆగింది. ప్రతాప్ నిలబడ్డాడు, సారును అడగడానికి మొహం చెల్లక. "పోతున్న సారు. నాకు తెల్వదు, మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు.

"మీ ఊర్ల ఏడ ఆడుతరు?" అన్నాడు సారు, తువ్వాల మొహం మీంచి తీయకుండానే.

"బడి ఎనుక జాగల సారు."

"చదును చేపియ్. సున్నం తెప్పిచ్చి వెట్టు. గీత నేనొచ్చి గీస్త."