అత్తయ్యగారి కొలత గ్లాసు

ఆగక్కా, అన్నం తర్వాత తిందువుగాని. ముందు ఈ రెండు గ్లాసులూ చూడు. నీ కొడుకు కౌశల్ ఆఫీసు నుంచి వచ్చేలోపే తేలిపోవాలి.

ఇది నాది. ఇదేమో నీ సంచిలో దొరికింది. నేనేం వెతకలేదమ్మా! ఆదివారం బీపీ మాత్ర తెమ్మన్నది నువ్వేగా? చీర మడతలో చుట్టి ఉంది.

రెండింటి మీదా అత్తయ్యగారి పేరే. నూకాలమ్మ అని చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరే. కానీ నా గ్లాసు నిండా ఉప్పు పోసి నీ గ్లాసులో వంపితే, ముప్పావు దగ్గరే ఆగిపోయింది. నాలుగుసార్లు పోసి చూశాను. నా కళ్ళే తప్పేమో అనుకున్నాను.

పొరపాటా? ఏది, ఇటు చూసి చెప్పు.

మేం సింగపూర్ వచ్చేసే రోజు గుర్తుందా? మీ మరిది ఆటో పిలుస్తున్నాడు. నువ్వు ఈ గ్లాసు నా చేతిలో పెట్టి ఏమన్నావు? "ఇది అత్తయ్యగారి ఆవకాయ కొలత. నాకెందుకు కల్పనా, దూరం పోయేదానివి, నువ్వే ఉంచుకో" అన్నావు. నేను నీ కాళ్ళకి దండం పెట్టానక్కా! తోడికోడలు కాదు, తోడబుట్టిందే అనుకున్నాను.

పన్నెండు కాయలకి రెండు గ్లాసుల ఉప్పు. నువ్వు చెప్పిందే. కాయలేమో లెక్కకి సరిగ్గా పన్నెండూ వేశాను. ఉప్పేమో ఈ గ్లాసుతో కొలిచాను. ఇంక బూజు పట్టక ఏం చేస్తుంది?

మూడు వేసవులు! టెక్కా మార్కెట్‌లో కాయలేరుకుని, రైల్లో మోసుకొచ్చి, ముక్క ముక్కా గుడ్డతో తుడిచి పెట్టాను. నెల తిరక్కుండానే తెల్లగా బూజు. "అమ్మా, స్మెల్లీ లా, పారెయ్" అని నిఖిల ఇక్కడి యాసలో అంటూ ముక్కు మూసుకునేది. నేను ఇక్కడి గాలిలో చెమ్మని తిట్టుకున్నాను. నూనెని తిట్టుకున్నాను. ఆఖరికి నన్నే తిట్టుకున్నాను.

ఫోన్ చేసి ఏడిస్తే నువ్వేమన్నావు? "కొందరి చెయ్యి అంతేలే, బాధపడకు, నేను పంపిస్తాను" అన్నావు. అన్నట్టే పంపావు, వచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్ కుర్రాడి పెట్టెలోనూ. మా క్లెమెంటి ఫ్లాట్‌కి ఎవరొచ్చినా "తారాదేవి ఆంటీ ఆవకాయ ఉందా?" అన్నదే మొదటి మాట. ఆ మాట విని నవ్వుతూ వడ్డించేదాన్ని, సిగ్గులేకుండా. మీ మరిదైతే మరీనూ. వైటూకే కంప్యూటర్ పని అంటూ ఆఫీసులోనే కాపురం పెట్టిన మనిషి, ఇంట్లో తిన్న ఒక్క పూటా "మా వదిన చెయ్యే చెయ్యి" అనేవాడు.

నా చెయ్యి మంచిది కాదని నేను నమ్మేశానక్కా. పప్పులో ఉప్పేయాలన్నా భయమేసేది.

ఏంటీ? గట్టిగా చెప్పు. నాకు సింగపూరుంది, నీకు ఆ ఆవకాయ జాడీ ఒక్కటే ఉందా?

బాగుంది! ఏముందక్కా నాకిక్కడ? పొద్దున్న మీ మరిదినీ నిఖిలనీ సాగనంపి, కిటికీ దగ్గర కూర్చుని రైళ్ళు చూసుకోవడం. ఆ ముక్క అప్పుడే అనుంటే, ఆవకాయ పేరు నీకే రాసిచ్చేదాన్ని కదా. అడిగితే ఇచ్చేదాన్ని. నువ్వు అడగలేదు. నా చెయ్యి విరిచేశావు.

ఏడవకు. నువ్వేడిస్తే నాకు ఇంకా మండుతుంది.

ఇంకోటి కూడా విను. సోమవారం నువ్వు కౌశల్‌తో గుడికి వెళ్ళినప్పుడు, నీ గ్లాసుతో కొలిచి పెట్టాను. పన్నెండు కాయలు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మూడో రోజు, తిరగకలిపి నాలిక్కి రాసుకున్నాను. అత్తయ్యగారిదే, అచ్చం ఆవిడదే! వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను.

ఎవరికి చెప్పుకోను? మీ మరిదికి ఏం పెట్టినా బాగుందంటాడు. నిఖిల అసలు ముట్టదు.

అందుకే, ఇదిగో, చెయ్యి పట్టు. నీ మొహం చూడాలని లేదు నాకు. కానీ ఉప్పు సరిపోయిందో లేదో నువ్వు చెప్తే తప్ప నేను నమ్మలేనక్కా.