కూత పెట్టుకుంటూ వచ్చిన సందురుడు

"మామ్మా, ఫోనులో అయితే చంద్రుడొచ్చి అరగంటయిందంట. ఇక్కడ మంచు తప్ప ఏమీ కనిపించట్లేదు. ఈ రోజు రాకపోతే, నువ్వున్నట్టు నేనూ మూడు రోజులు పస్తుండాలా?"

ఫోనుకి వొచ్చినోడు మనకి రావడానికి ఏటి రోగమో! దాన్నే అడుగు. అన్నీ సెప్తాది గానీ, అరకులోయలో కార్తీకం మంచు సంగతి దానికేటి తెలుసు? అయినా ఇదీ ఒక మంచేనేటి, ఉత్త పొగ. మా రోజుల్లో అయితే కత్తిపీటతో ముక్కలు తరిగి, తట్టలకెత్తి పారబోత్తే గానీ వాకిలి కనిపించీది కాదు. నవ్వకు. సరే, తట్టలు కాదు, సేటలు.

ఇలా రా, ఈ దుప్పటి కప్పుకో. మొగం సూడు, సున్నం కొట్టిన గోడలాగుంది. మూడో నెల కడుపుతో ఉన్న గుంటవి, నిన్న విశాఖపట్నంలో రైలెక్కి నా కాడికొచ్చి, 'మామ్మలాగే పున్నమి పట్టుకుంటాను, చంద్రుణ్ణి సూడందే ముద్ద ముట్టను' అని భీష్మించుకు కూకున్నావు. పొద్దున్నుంచి ఉత్త మంచినీళ్ళే. మీ అమ్మ సెప్పింది, మీ ఆయన ఫోనులో బతిమాలినాడు. ఇనవు. ఎవరి పోలికో! నా పోలికే, ఇంకెవరిది.

తప్పు నాదేలే అమ్మలూ. 'ఒక ఏడు సందురుడు మూడ్రోజులు రానేదు, మూడ్రోజులూ నాను గుటక మింగనేదు' అని మీ నాన్నకి సెప్పినాను. ఆడు నీకు సెప్పినాడు. మీ మేనత్తకి సెప్పినప్పుడు అయిదు రోజులన్నాను గామాల. ఓలమ్మా, పున్నమి సందురుడు మూడ్రోజులు రాకపోతే మూడోనాటికి పున్నమి ఎక్కడుంటాదే? విదియ అయిపోదేటి? ఇంతింత సదువులు సదివినారు, ఇన్నేళ్ళలో ఒక్కలూ అడగనేదు!

అసలు సంగతి సెప్తాను, ఇటు జరుగు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు. ఆ ఫోనులో రికార్డు పడితే పడనీ, మీ నాన్న కూడా ఇంటాడు.

నాకు పెళ్ళయి ఈ కొండెక్కిన మొదటేడు. మీ తాత పట్టాల కాడ గాంగుమేను. రైలోళ్ళు క్వార్టరిచ్చినారు, ఒకటే గది. ఎంత గదంటే, ఒకలు పక్కకి ఒత్తిగిల్లాలంటే మిగిలినోళ్ళు బయటికెళ్ళి నిలబడాలి. అందులో మీ తాత, నాను, మా అత్త. ఆవిడది కొండ కింద శృంగవరపుకోట అవతల. కొండెక్కినప్పుడు రెండే తెచ్చుకున్నాది. నూనె డబ్బాలో తులసి మొక్క ఒకటి, పున్నమి ఒకటి. గొంతు ఎలాటిదనుకున్నావు? ఆవిడ కేకేత్తే రైలాగీది. ఆగనేదనుకో, కొంచెం తగ్గీది.

ఆ కార్తీక పున్నమికి మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. ఇదిగో, నీలాగే మూడో నెల. పక్క గూడెం పిల్ల సోంబారి తులసి కాడ పెట్టడానికి ఉసిరి కొమ్మ తెచ్చినాది. అప్పుడు పావలాకి తట్టెడు ఉసిరికాయలు, అద్దరూపాయి ఇత్తే సెట్టే పెరికి ఇచ్చీవోరు. నా మొగం సూసి సోంబారి అన్నాది, 'ఇదేటమ్మా, మీ పున్నమికి కడుపు మాడ్సుకుంటారేటి? మా కాడ కడుపు నిండితేనే థింసా ఆటకి కాలు లేత్తాది.' మా అత్త ఒక్క సూపు సూసింది. కొమ్మ అక్కడెట్టి సోంబారి మాయం.

సాయంత్రమైనాది. దీపాలెట్టినాం. లోపల బూరెలు, కంద బచ్చలి కూర, సలిమిడి. ఆ బూరెల వాసన మూడు కొండల అవతలికెళ్ళి ఎలుగుబంట్లని లేపింది. నాను తులసి కాడ కూకుని తూరుపు కొండ కేసి సూత్తన్నాను. మంచు. సూత్తన్నాను. మంచే. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి.

అప్పుడు, ఆ కొండ మద్దెన, మంచులో గుండ్రంగా, పసుప్పచ్చగా... 'అత్తా! సందురుడు!' అని అరిసినాను.

మా అత్త కర్పూరం పట్టుకుని పరిగెట్టుకొచ్చినాది. ఇద్దరం దండమెట్టినాం. ఆ సందురుడు, ఏటి సెప్పను, ఒక్క కూత కూసినాడు. బూఁ... అని! సొరంగం దాటిన గూడ్సు బండే అది. విశాఖపట్నంలో ఇనప రాయి దింపీసి కాళీగా కొండెక్కే బండి. అరుగు అదిరింది, గిన్నెలన్నీ గణగణలాడినాయి.

నాకు పేణం పోయింది. ఆకలేసి అబద్ధమాడినాననుకుంటాది, ఇక కొండ దింపి పుట్టింటికి పంపీత్తాది అనుకున్నాను. మా అత్త బండి కేసి సూసింది, నా మొగం కేసి సూసింది. సూసి, కర్పూరం ఎలిగించి, ఆ గూడ్సుకి ముమ్మారు హారతి తిప్పింది! డబ్బాలెన్నని, నూట యాభై, పోతానే ఉన్నాయి. ఆఖరి పెట్టెలో గార్డు పచ్చ దీపం ఊపినాడు. 'సూసినావా, దేవుడు ఒప్పుకున్నాడు' అన్నాది. 'మా కోట సందురుడు సెప్పకుండా వొత్తాడు. ఈ కొండల సందురుడు కూత పెట్టుకుంటూ వొత్తాడు గామాల. లే, బేగి కూకో, ఆకెయ్యి.'

పదిహేడు బూరెలు తిన్నాను. సరే, ఏడు. తింటా మద్దెలో సూత్తే ఆవిడ ముందు ఆకు నేదు. 'నువ్వు తినవేటత్తా?' అన్నాను. 'నాను వండతా వండతా తినీసినానే, కడుపులో సోటు నేదు' అన్నాది. దేవుడికి పెట్టకుండా ఉప్పు కూడా సూడని మనిషి, వండతా తినీసిందంట! ఆకలి మీదున్నాను, నమ్మీసినాను.

ఆకెత్తి బయటికొచ్చేసరికి మంచు కొంచెం ఇడిసినాది. ఆవిడ తులసి కాడ తల పైకెత్తి నిలబడుంది. పైన నిజం సందురుడు. అప్పుడు, అప్పుడే అమ్మలూ, గుప్పెడు అటుకులు నోట్లో ఏసుకున్నాది. నన్ను సూసి, 'ఏటలా సూత్తన్నావు? ఇంటికి ఒక కడుపు పస్తుండి కాత్తే సాలు, పున్నమి నిలబడతాది. కడుపుతో ఉన్నదాని వంతు కూడా నాను కాసినాను' అన్నాది.

ఈ మాట ఎవరికీ సెప్పనేదు. అత్త పరువు పోతాదని కాదు, నా గొప్ప పోతాదని. అందుకే మూడ్రోజుల కత కట్టినాను. ఆ కత వొచ్చి ఇప్పుడు నీ కడుపు మీద కూకున్నాది.

ఉస్సు. ఇను. పట్టాలు మోగతన్నాయి... అదిగో, కూసింది! లే, అమ్మలూ, నిదానంగా లే. పళ్ళెం అందుకో. ఇప్పుడు కరెంటు ఇంజను అయితే ఏటి, హారతి హారతే. తిప్పు. ఆఁ, ఇంకోపాలి. సాలు. ఇక కూకో, ఆకెయ్యి.

"మరి నువ్వు, మామ్మా?"

నాకేటి? నాను వండతా వండతా తినీసినానే, కడుపులో సోటు నేదు. ఆ సూపేటి? నువ్వు తిను. బూరె మద్దెకి ఇరిసి నెయ్యి పోసుకో, అలాగ. నీ కడుపులోది పిల్లో పిల్లడో, ఆ గూడ్సంత పొడుగు ఆయుస్సు ఎట్టుకుని, దాని కూతంత గొంతేసుకుని రావాల. ఊరంతా ఉలిక్కిపడి లెగాల. నీ ఇంట్లో కూడా పున్నమి నిలబడాల, కాసీవోళ్ళు ఒకలుండాల... తిను, తిను, నన్ను సూడకు. నాను కాసేపు ఆ తులసి కాడ కూకుంటాను. లోపల ఒకటే ఉక్కపోత్తంది.