ఆరు నల్లటి ప్లగ్గులు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సు మీద కార్ల పందేలు మళ్లీ మొదలయ్యాయి. ఒకప్పటి పందెగాడు వెర్న్ భార్య తెచ్చిన రుమాలు మూట విప్పేసరికి మెకానిక్ నవ్వు ఆగిపోయింది.

“ఇవి వాడి బండి స్పార్కు ప్లగ్గులేనా?”

“ఆఖరి పందెంవి. మర్నాడే యుద్ధానికి ఓడెక్కాడు, మరి రాలేదు. వీటిని చూసి బండి ఎలా నడిచిందో చెప్పేస్తారటగా అన్నయ్యా?”

“పందెం గీత దాటగానే ఇంజను కట్టేసి ప్లగ్గులు ఊడదీస్తాం. అప్పటి రంగు అలాగే ఉండిపోతుంది. యాక్సిలరేటరు నిండా తొక్కితే గోధుమరంగు రావాలి. ఇవేంటి, ఆరూ మసిబారాయి!”

“పెట్రోలు ఎక్కువైందేమో?”

“వాడు ట్యూన్ చేసిన ఇంజనులోనా? ఊరుకో తల్లీ. గీతకి ముందే కాలు తీసేశాడు, అందుకే ఈ మసి. అసలు వాడు కాలు తీయడమేంటి?”

ఆమె ఒక ప్లగ్గు చేతిలోకి తీసుకుంది.

“గంటకి వంద మైళ్లు దాటనని ముందురోజు ఒట్టు వేయించుకున్నాను. ‘సరేలేవే’ అని నవ్వాడు. దాటే ఉంటాడని ఇన్నాళ్లూ తిట్టుకుంటున్నాను.”

“ఆ రోజు వాడి మీద గెలిచింది నేనే,” అన్నాడతను, ప్లగ్గులు మళ్లీ మూట కడుతూ. “నా ఇంజనే గొప్పదనుకున్నాను. ఇప్పుడు వాడి చేతిలో ఒక్కసారి సరిగ్గా ఓడిపోవాలనుంది.”