తలగడ కింద గుప్పెడు గోధుమలు

1989 జూన్ పన్నెండవ తేదీన మా ధాన్యపు గిడ్డంగిలో నమూనాలు తీసే సహాయకులుగా అడుగుపెట్టి, నేడు ముఖ్య నాణ్యతాధికారిగా, గడువు కంటే ముందే, పదవీ విరమణ చేస్తున్న మా అధికారిగారి ఉద్యోగ జీవితమంతా ఒక గుప్పిట్లో ఇమిడిందంటే అతిశయోక్తి కాదు. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి తీసిన గింజలను అరచేతిలో పోసుకుని, నోటి ఆవిరి ఊది, ఆ వెచ్చదనానికి లేచిన వాసనను పీల్చి సరుకు మంచిచెడ్డలు తేల్చడం వారి పద్ధతి. అందుకే హమాలీల నుండి మేనేజరుగారి వరకు అందరికీ వారు ‘ముక్కు సారు’.

వారు ఇన్‌స్పెక్టరైన కొత్తలో జరిగిన ముచ్చట ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటాం. లోడు తెచ్చిన డ్రైవరు, “గింజ చూడండి సార్, ముత్యంలా ఉంది” అన్నాడు. వారు గుప్పిట ముక్కుకు ఆనించి, “ముత్యాల్ని ఎవరూ పిండి పట్టించుకోరయ్యా. అడుగు బస్తా విప్పు” అన్నారు. అడుగు బస్తా నిండా బూజు. డ్రైవరు లారీ వెనక్కి తిప్పుకున్నాడు.

అన్నం పెట్టిన ఆ గింజల దుమ్మే వారికి పగై కూర్చుంది. తుమ్ము వినబడితే చాలు, సార్ వస్తున్నారని వాచ్‌మన్ గేటు తీసేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం, వారూ నవ్వేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ముక్కులో కండలు పెరిగి, సైనస్ దారులు మూసుకుపోయాయి. ఒకనాడు పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతూ, పాలు మాడి గిన్నె నల్లబడుతున్నా గుర్తించలేకపోయారు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది ఆ రోజే.

శస్త్రచికిత్స సక్రమంగానే జరిగింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పారు: “నేను దారి తెరిచాను గానీ, మీ ఎలర్జీని కోసి తీసేయలేదు. అది ఒంట్లోనే ఉంది. గింజల దుమ్ము తగిలితే లోపలి పొర వాస్తుంది, పుండు త్వరగా మానదు, కండ మళ్ళీ పెరగొచ్చు. ఉప్పునీళ్ళతో కడుక్కోండి, స్ప్రే మానకండి, దుమ్ము జోలికి పోకండి.”

అన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారనే అనుకున్నాం. అయినా ఆసుపత్రిలో పక్కమంచం మీద అదే ఆపరేషన్ చేయించుకున్న, ఎలర్జీ లేని దర్జీ కొద్ది వారాలకే హాయిగా గాలి పీల్చుకుంటుంటే, వీరి ముక్కు మాత్రం దిబ్బడ వదల్లేదు. వారి కింద పనిచేసే నేను చూడటానికి వెళ్ళిన రోజున, వారి శ్రీమతి తలగడ గలీబు మారుస్తూ ఆగిపోయారు. తలగడ కింద నమూనాలు కట్టే చిన్న గుడ్డసంచి, అందులో గుప్పెడు గోధుమలు.

“ఏమిటండీ ఇది?”

“పొద్దున్నే వాసన తెలుస్తోందేమోనని చూసుకుంటున్నా.”

“పరదాలు పీకేసి, పరుపు దులిపి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టి నేను చస్తుంటే, మీరు గోడౌన్ని తెచ్చి తలకింద పెట్టుకున్నారా?”

“మరి బాగైందో లేదో ఇంకెలా తెలుస్తుంది?” అన్నారు వారు, ఆమె వంక చూడకుండా.

ఆమె సంచి పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి గింజలు పిట్టలకు చల్లేశారు. ఆ వారం ముక్కులో గొట్టం పెట్టి చూసిన డాక్టరమ్మ, “మళ్ళీ మొలుస్తోంది” అన్నారట.

సెలవు ముగిసి, మాస్కు కట్టుకుని విధులకు వచ్చారు. కానీ మాస్కు తీయనిదే వాసన చూసేదెలా? తూకపు కాటా దగ్గర మొదటి లారీ ఆగింది. వారు మాస్కు దించి, గింజల మీద ఆవిరి ఊది పీల్చారు. మళ్ళీ ఊదారు. ఆ గుప్పెడు నా చేతిలో పోసి, “నువ్వు చూడవయ్యా” అన్నారు. చూశాను. బూజు వాసన ఘాటుగానే ఉంది. నా ముఖం చూసి వారే, “బాలేదు కదూ” అన్నారు.

మేనేజరుగారు వారిని పక్కకు పిలిచి, నన్ను చూపిస్తూ, “వాసన అతను చూస్తాడు, మీరు సంతకం పెట్టండి. మిగిలిన సర్వీసు ఇట్టే గడిచిపోతుంది” అన్నారు.

“నాకు తెలియని వాసనకు నా సంతకమేమిటి సార్? ఆ పిండి ఎవరింట్లో పిల్లలు తింటారో” అని, మాస్కు పైకి లాక్కుని, ముందస్తు విరమణకు అర్జీ రాసి ఇచ్చారు.

వీడ్కోలు సభను హాల్లో కాక ఆరుబయట, గిడ్డంగికి దూరంగా ఏర్పాటు చేయడానికీ, బల్ల మీద పూలగుత్తి లేకపోవడానికీ కారణం సభికులు ఇప్పుడు గ్రహించే ఉంటారు. ఎలర్జీ తగ్గించే ఇంజెక్షన్లు ఇటీవలే మొదలయ్యాయి. వాసన తిరిగి వస్తుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు, రాదనీ అనలేదు. వారి గుప్పిట ఖాళీ అయిన ఈ సాయంత్రం ఓదార్పుగా చెప్పగలిగింది మా దగ్గర అంతకు మించి లేదు.

దుమ్ము సోకని ఇంట్లో వారు ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించాలనీ, ఏదో ఒక ఉదయం వంటింట్లో పాలు అడుగంటుతుంటే శ్రీమతిగారి కంటే ముందే పసిగట్టి, “ఏమేవ్, పొయ్యి ఆర్పు” అని ముందు గదిలోంచి కేకేసే భాగ్యం వారికి కలగాలనీ మనసారా కోరుకుంటున్నాం.