పెట్టగూడు జట్కా

"అవ్వా, మన మిద్దె మింద కోళ్ళు పెట్టుకోగూడదంట. మునిసిపాలిటీ వోళ్ళు కాయితం ఇచ్చి పోయినారు. నీ కాలంలో ఇట్లాంటివి ఉన్నెనా?"

ఉండకేం పాపా, ఉన్నె. ఇట్ల కూసో. ఆ కాయితం కడాదాకా సదివినావా? సగమే సదివినావా? ఊఁ. సగం సదివి మొగం వేలాడేసుకోనుండావు. నేను సగం ఇని ఏడిసినాను, నీకన్నా పెద్ద తిక్కదాన్ని. దాన్ని మడిసి పక్కన పెట్టి మొదట నా మాట ఇను. ఆ డబ్బా తిరగతా ఉండాదా? నా మాటలన్నీ దాంట్లో పడతాయా? పడనీలే, నాకేం సిగ్గు.

అప్పుడు నాకు పదారో పదేడో. కొత్త కోడల్ని. తిరుచానూరు పక్కన మా పేట. పేటంటే ఏముండాది, ఒక వీధి, ఆ తట్టు కొన్ని గుడిసెలు, ఈ తట్టు కొన్ని. మీ తాత జట్కా తోలతా ఉండె. తిరపతి టేషన్లో రైలు దిగినోళ్ళని ఎక్కించుకోని అమ్మోరి గుడి కాడ దింపేది, మళ్ళా వాళ్ళని తీసకపోయి టేషన్లో ఇడిసేది. మనిషికి రెండణాలు. కాదు కాదు, మొదట్లో అణానే, యుద్ధం వచ్చినాక రెండణాలు సేసినారు. యుద్ధం వచ్చినాక అన్నీ అంతే కదా. కిరసనాయిలుకు వరస, బియ్యానికి వరస. మా పెద్దమ్మ ఒకామె ఉండేది, ఆ వరసలో నిలబడే ఊరి సంగతులన్నీ తెలుసుకునేది. బియ్యం దొరక్కపోయినా నవ్వుకుంటా ఇంటికొచ్చేది.

యాడున్నాను? ఆఁ, కోళ్ళు. కోళ్ళు మా అత్తవి. నాలుగు పెట్టలు, ఒక పుంజు. మా అత్తది పెద్ద నోరు పాపా, మనసు దానికన్నా పెద్దది, ఆ సంగతి నాకు తెలిసేసరికి శానా దినాలు పట్టింది. నన్ను "ఏమ్మే" అనేది, కోళ్ళను మాత్రం "అమ్మా రాండమ్మా" అని పిల్సేది. నాకు కడుపు మండేది.

ఒక దినం మీ తాత మనుషుల్ని దింపేసి వట్టి బండి తోలుకోనొస్తా ఉంటే, దావలో ఒక మిలిట్రీ లారీ పెద్దగా మోగించుకుంటా ఎదురొచ్చింది. గుర్రం బెదిరింది. ఈయన కింద పడినాడు, సక్రం కాలి మింద పోయింది. మోకాలి కింద ఎముక రెండు తుంటలు. నలుగురు మోసుకోనొచ్చి తడికె మింద పండబెడితే నేను సూడలేకపోతిని. పెండ్లయి ఆరు నెలలు కాలా, నేను ఆయనతో నిండుగా నాలుగు మాటలు మాట్లాడింది లేదు. సిగ్గు, ఇద్దురికీ.

ఇంగ పుత్తూరే. ఎముక ఇరిగితే మన తట్టు ఇంగ యాడికి పోతారు? రైలెక్కించి, రేణిగుంటలో మారి, పుత్తూరుకు తీసకపోయినాము. కట్టు కట్టే ఆయన కాలు పట్టుకోని, ఏదో మాట్లాడతానే ఒక్క గుంజు గుంజినాడు. మీ తాత అరిసిన అరుపు ఇప్పుడు కూడా నా సెవిలో ఉండాది. ఆకు పసురు, గుడ్డు తెలుపు కలిపి పూసి, బట్ట సుట్టి, ఎదురుబొంగు దబ్బలు పెట్టి కట్టినాడు. కట్టి ఏమన్నాడంటే, "పదైదు దినాలకు ఒక కట్టు. ఇంగా రెండు ఉండాయి. వచ్చేటప్పుడు నాటుకోడి గుడ్లు మూడు మీరే తెచ్చుకోండి. ముందుదినం పెట్టినవి కావాల. నిలవ గుడ్డు పట్టదు. కట్టు తప్పితే కాలు వంకర కూడతాది" అన్నాడు.

వంకర కాలితో జట్కా ఎక్కేదెట్ల సెప్పు? ఆ కాలే మా ఇంటికి సంగటి. మా అత్త ఆ రైల్లోనే మొక్కుకునింది, నా కొడుకు తిన్నగా నడిస్తే మా పుంజు నీదే గంగమ్మా అని.

అంగట్లో గుడ్లు కొనుక్కోవచ్చు కదా అంటావేమో. యాడివి? గుడ్లన్నీ, కోళ్ళన్నీ గంపలకు గంపలు మిలిట్రీకి పోతా ఉండె. అందుకే మా నాలుగు పెట్టలే మాకు దిక్కు. గుర్రాన్ని మా అన్న తోలుకపోయి వాళ్ళూర్లో మేపుకున్నాడు. జట్కా మాత్రం ముందర కట్టెల కింద రాయి పెట్టి దొడ్లో నిలబెట్టినాము.

మొదటి కట్టు కట్టిన వారానికి సాటింపు వచ్చింది. మా పేటలో తప్పెట కొట్టేది మునెప్ప. మంచోడే పాపా, నోట్లో ముందరి పండ్లు లేవు, ఎప్పుడూ ఆకూవక్కా. సదువు రాదు. పంచాయితీలో గుమాస్తా నోటిమాటగా సెప్పింది ఇని, దావంతా గొణుక్కుంటా వచ్చి మన కాడ అరిసేది. ఆ పొద్దు ఏమని అరిసినాడంటే, "ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే, కోళ్ళుండేవోళ్ళు... కోళ్ళు... పెట్టగూడదహో! వారంలో శానిటరీ అయ్య వచ్చి సూస్తాడహో!"

అంతే, డబ్ డబ్ అని కొట్టుకుంటా పోయినాడు. వీధంతా బయటికొచ్చినారు. అప్పుడే ఆ పక్కూర్లో వాంతిబేదులని జనం బయపడి ఉండారు. కోళ్ళు కాలవలు కెలికి రోగం తెస్తాయంట, అందుకే వద్దన్నారంట, ఉంటే పట్టుకపోతారంట. ఇంగ ఒకరు ఒకటంటే ఇంగొకరు రెండు కలిపినారు. పట్టుకపోయి వాళ్ళు తినేదానికన్నా మనమే తినేస్తే పోలా అన్నాడు ఒకాయన. ఆ మాట అందరికీ నచ్చింది.

పాపా, ఆ వారం మా పేటలో కోడికూర తినని ఇల్లు లేదు. రాగిసంగటి, కోడి పులుసు. యుద్ధం అని పస్తులుండే వాళ్ళు కూడా రెండు పూట్లా తిన్న్యారు. మాకూ గిన్నెలతో ఇచ్చినారు. నేను తిన్న్యాను, ఎందుకు అబద్దం సెప్పాల, తింటా ఏడిసినాను. మా పెట్టల్ని ఏం సేయాలో తెలీక.

మా అత్త తలకాయ పట్టుకోని కూసునింది. అంత నోరుండే మనిషి, తప్పెట మోగితే మాత్రం వణికేది. "పంచాయితీ మాట కాదంటే మనల్ని పేటలో ఉండనిస్తారా మే?" అనింది. నేను అప్పటిదాకా ఆమెకు ఎదురు సెప్పింది లేదు. ఆ పొద్దు సెప్పినాను. "అత్తా, కోళ్ళు పోతే కట్టు లేదు. కట్టు లేకపోతే కాలు లేదు. నేను దాస్తాను, పట్టుకుంటే నన్నే పట్టుకోమను" అన్న్యాను. ఆమె కొంగు నడుముకు దోపుకోని లేసింది. మళ్ళా ఏమనిందంటే, "యాడ దాస్తావు?" అనింది. అదే ఒప్పుకున్నట్లు.

యాడ దాస్తాను, జట్కాలో. జట్కా సూసినావా నువ్వు? సూసుండవులే. పైన గుడిసె మాదిరి కప్పు, కింద మనుషులు కూసునేదానికి మెత్తగా గడ్డి పరిసి గోనెపట్టా ఏసుంటారు. ఎనకా ముందర గోనెపరదా కట్టేసినాను. కింద నుంచి గాలి ఆడాలని ఒక పలక తీసేసి దబ్బలు అడ్డం కట్టినాను. పొద్దున్నే నూకలు, నీళ్ళు లోపల పెట్టి, కసువు ఎత్తి, బూడిద సల్లేది. కోళ్ళకు అది బాగా కుదిరింది. ఆ గడ్డిలో హాయిగా పండుకోని గుడ్లు పెడతా ఉండె.

పుంజుతోనే అగసాట్లు. అది కూస్తే వీధంతా ఇంటాది కదా. కోడి కూయాలంటే మెడ సాపాల. పొట్టి గంప కింద మూస్తే మెడ సాపలేదు, కూయలేదు. మా అమ్మ నేర్పించింది నాకు. మీ తాత పండుకున్న తావులోనే, ఆయన తలకాడ గంప బోర్లించినాను. అయినా అది గొంతులో గురగురమనేది. అది మొదలు పెట్టేలోగా ఈయన "అబ్బా, కాలు" అని పెద్దగా మూలిగేవాడు. మా అత్త పరిగెత్తుకోనొచ్చి, "నొప్పా నాయినా?" అనేది. "నొప్పి లేదుమా, పుంజు" అనేవాడు. నేను కొంగు అడ్డం పెట్టుకోని నవ్వితిని. ఆయన నన్ను సూసి నవ్వినాడు. మేం ఇద్దరం కలిసి నవ్వింది అదే మొదలు.

వారంలో వస్తానన్న అయ్య రాలా. రెండో కట్టుకు ఆ జట్కాలో పెట్టిన గుడ్లే తీసకపోయినాము. ఇంగొక్క కట్టు ఉండాది. దానికి ముందుదినం, పొద్దు బారెడెక్కినాక, వచ్చినాడు శానిటరీ అయ్య. తలకు టోపీ, సేతిలో కాయితాలు. ముందర మునెప్ప. ఆయన మాటలో అరవం కలిసుండేది.

ఒక్కొక్క ఇల్లే అడుక్కుంటా వస్తాండాడు. "కోళ్ళుండాయా?" "లేవు సామీ." "కోళ్ళుండాయా?" "లేవు సామీ." ఆయనకు తిక్క పట్టినట్లుండాది. "ఏమయ్యా, పేటంతా కోడీకలు ఎగరతా ఉండాయి, కోడి మాత్రం ఒక్కటీ లేదంటారే" అన్నాడు మునెప్పతో. మా వాకిట్లోకి వచ్చినాడు. మా అత్త సేతులు జోడించి, "లేవు సామీ" అనింది.

అప్పుడే మా నల్లపెట్ట గుడ్డు పెట్టేసింది. పెడితే ఊరుకుంటాదా? కొక్కొక్కొకో అని దొడ్డంతా ఎత్తేసింది. లోపల మీ తాత "అబ్బా, అబ్బా" అని మూలగతా ఉండాడు, పెట్ట ఆగితేనా. అయ్య తిన్నగా జట్కా కాడికి పోయి పరదా ఎత్తినాడు.

నేను పోయి కాళ్ళ మింద పడిపోయినాను పాపా. "సామీ, తప్పు నాది, మా అత్తది కాదు. రేపటిదాకా ఇడిసిపెట్టండి. రేపు కట్టుకు గుడ్లు కావాల, ఆయన కాలు కూడాల. ఎల్లుండి మీరే తోలుకపోండి" అన్న్యాను. మా అత్త నా పక్కన వచ్చి ఆమె కూడా పడింది. "బిడ్డ కాదు సామీ, దాసిపెట్టమనింది నేనే" అనింది. నాకోసరం అబద్దం ఆడింది ఆమె.

ఆయన ఎనక్కి జరిగి, "లేయండమ్మా, లేయండి. కోళ్ళు ఎందుకు దాసినారు?" అన్నాడు.

"కోళ్ళు పెట్టగూడదని తప్పెట కొట్టిరి కదా సామీ."

"ఎవురు సెప్పినారు? నేను ఎప్పుడు అట్ల రాసినాను?" అని కాయితం తీసి పెద్దగా సదివినాడు. "కోళ్ళు ఉండువారు పెట్టగూడు పెట్టవలయును. గూడు లేక వీధిన వదలరాదు." సదివి మునెప్ప తట్టు సూసినాడు.

అర్థమాయనా పాపా? పెట్టగూడు. పెట్టలకు గూడు. గుమాస్తా సెప్పింది పెట్టగూడు పెట్టాలని. మునెప్ప దావలో గొణుక్కుంటా, ఆకువక్క నములుకుంటా, వచ్చేలోగా అది పెట్టగూడదు అయిపోయింది. వీధి వీధంతా గోడల ఎనక ఇంటా ఉండారు. అందురి కోళ్ళూ ఎప్పుడో అరిగిపోయినాయి కదా.

మునెప్ప తప్పెట కింద పెట్టి నెత్తిన సేతులు పెట్టుకున్నాడు. "అయ్యో, నా ఆరు పెట్టల్ని నేనే మొదట కోసుకుంటిని కదా సామీ" అన్నాడు. పాపం, అందురికన్నా ముందు కోసింది వాడే, తన సాటింపు తానే తప్పితే బాగుండదని. నాకు వాడి మింద కోపం రాలా, ఇప్పుడు కూడా రాదు.

అయ్య జట్కా సుట్టూ ఒకసారి తిరిగినాడు. వొంగి కింద సూసినాడు. నేల తగలకుండా ఎత్తుగా ఉండాది, గాలి ఆడతా ఉండాది, కసువు లేదు, బూడిద సల్లుండాది. "ఇదే కదమ్మా పెట్టగూడంటే. ఈ పేటలో రూలు ప్రకారం గూడు పెట్టింది మీరొక్కరే" అని కాయితంలో ఏదో రాసుకున్నాడు. లోపలికి సెయ్యి పెట్టి, ఆ వేడి గుడ్డు తీసి నా సేతిలో పెట్టి, "కాలికి జాగర్త" అని పోయినాడు. నేను ఆ గుడ్డు పట్టుకోని ఆడనే కూలబడి ఏడిసినాను. బారం దిగితే కూడా ఏడుపొస్తాది పాపా, అది నాకు ఆ దినమే తెలిసింది.

మూడో కట్టు కట్టినారు. మళ్ళా పదైదు దినాలకు పుత్తూరు పోయి కట్టు ఇప్పినారు. మా అత్త కండ్లు మూసుకోనుండాది. నేను మూసుకోలా. తెల్లగా, సన్నగా, తిన్నగా ఉండాది కాలు. "నడువప్పా" అన్నాడు కట్టు ఆయన. మీ తాత నా భుజం పట్టుకోని లేసినాడు, మళ్ళా ఇడిసిపెట్టి ఒక అడుగు ఏసినాడు, ఇంగొకటి, ఇంగొకటి. గోడ దాకా పోయి తిరిగినాడు. అంతమంది ముందర నన్ను పేరు పెట్టి పిలిసి, "పదమ్మే, కోళ్ళు మూసే పొద్దుకు ఇల్లు సేరాల" అన్నాడు.

గంగమ్మ మొక్కు తీర్సుకున్న్యాము. తరవాత వీధిలో వాళ్ళందరికీ మా పెట్టల పిల్లల్నే ఇచ్చింది మా అత్త, మొదట మునెప్పకు. జట్కా మళ్ళా కట్టినా ఆ నల్లది దాంట్లోనే గుడ్డు పెట్టేది, గుడికి పోయే ఒకామె గుడ్డు మింద కూసోని లబోదిబో అనింది. మమ్మల్ని పెట్టగూడు జట్కావోళ్ళు అనే పిలిసేవాళ్ళు. మీ తాత ఆ కాలితోనే ఇంగ నలభై ఏండ్లు నడిసినాడు, నా పక్కనే.

ఏదీ, ఇప్పుడు ఆ కాయితం ఇప్పు. నిదానంగా, ఒక్కొక్క మాటే, కడాదాకా సదువు. నేనుండాను కదా, బయపడొద్దు. నీ కోళ్ళు సల్లగుండ, నువ్వు సల్లగుండ, నిన్ను సేసుకునేవాడు కూడా తలకాడ పుంజును పెట్టుకోని నవ్వేవాడు కావాల తల్లీ... ఊఁ, సదువు. "కోళ్ళు"... తరవాత?