బిందెలో రవ్వల ఉంగరం

హనుమాన్ జంక్షన్ కల్యాణమండపంలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఒకే బిందెలో చేతులు పెట్టి ఉంగరం వెతుకుతున్నారు.

“మా నాయనమ్మదిది. గులాబీ మొగ్గల్లా చెక్కిన పాతకాలం రవ్వలు, గుత్తిగా పొదిగారు,” అన్నాడతను మెల్లగా. “నువ్వు గెలిస్తే నీకే ఇచ్చేస్తానంది.”

“నువ్వు గెలిస్తే?”

“మళ్లీ ఆవిడ బీరువాలోకే.”

“అలాగని నాకోసం వదిలేశావంటే ఊరుకోను. నువ్వు జాలిపడి ఇచ్చేది నాకొద్దు.”

“వదిలేదే లేదు. ఇప్పుడది నా గుప్పెట్లోనే ఉంది.”

ఆమె నీళ్లలోనే అతని పిడికిలి దొరకబుచ్చుకుంది. బిందె చుట్టూ నీళ్లు చిందాయి. కాసేపటికి ఆమె చెయ్యి పైకెత్తితే, వేళ్ల మధ్య రవ్వలు తళుక్కుమన్నాయి. మండపమంతా చప్పట్లు.

ఆమెకు మాత్రం అనుమానం తీరలేదు.

“నిజం చెప్పు. నువ్వే వదిలేశావు కదూ?”

అతను తడిచెయ్యి ఆమె ముందు పెట్టాడు.

“ఈ గోళ్ల గాట్లు చూసి అడుగు.”

జుట్టులో చిక్కుకున్న తలంబ్రాలు రాలేలా నవ్వింది పెళ్లికూతురు.